ఆరువందల అంగలు

మా క్లబ్బు కెప్టెన్‌ను పంజాగుట్ట సమాధుల తోటలో పూడ్చిపెట్టిన మూడో రోజున డానియేలు నా దుకాణానికి వచ్చాడు. వచ్చే శుక్రవారం అమీర్‌పేట ప్రార్థన గదిలో సంతాప సభ పెడుతున్నామనీ, క్లబ్బు పాత సభ్యుణ్ణి కాబట్టి నేను కూడా రెండు మంచి మాటలు చెప్పాలనీ అడిగాడు. నేను ఒక కోటుకు కాజాలు కుడుతున్నాను. సూది దించకుండానే, మంచి మాటలే ఎందుకు, ఉన్న మాటలు చెబితే కాదా అన్నాను. డానియేలు నవ్వాడు. నేను నవ్వలేదు.

సభలో ఏం జరిగిందో చివర రాస్తాను. ముందు ఆ మనిషి ఎలాంటివాడో చెప్పాలి. ఆ సభలో ఆయన గురించి తొమ్మిదిమంది మాట్లాడారు. వాళ్ల మాటలు వింటే నేను ఎరిగిన మనిషి కాక మరెవరో చనిపోయారనిపించింది. ఆయన పేరు మాత్రం రాయను. పేరు రాస్తే ఇది కూడా ఆయనకొక స్మారకమే అవుతుంది. రాతి పలక మీద ఎలాగూ చెక్కించారు, అది చాలు.

పొట్టి మనిషి. కానీ నడుస్తున్నప్పుడు పొడుగ్గా కనిపించేవాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి, రాళ్ల మీద కూడా గచ్చు మీద నడిచినట్టే నడిచేవాడు. వెనక్కి తిరిగి చూడడమన్నది ఆయనకు లేదు. ఒకసారి యూసుఫ్‌గూడ వైపు గుట్టల్లో నేనూ డానియేలూ కావాలనే ఒక సీతాఫలం పొద పక్కన కూర్చుండిపోయాం. ఆయన మాకు ఏదో వివరిస్తూనే ముందుకు వెళ్లిపోయాడు. చాలా దూరం దాకా ఆ గొంతు వినిపించింది. మేం నింపాదిగా పండ్లు తిని వెళ్లేసరికి ఒక బండ మీద నిలబడి ఉన్నాడు. ఎక్కడ ఆగిపోయారని అడగలేదు. జేబులోంచి రెండు పిప్పరమెంటు బిళ్లలు తీసి చెరొకటి ఇచ్చాడు.

ఆ బిళ్లల సంగతి తెలియకపోతే ఆయన తెలియనట్టే. తప్పు నాది అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. తనవల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగితే ఒక బిళ్ల ఇచ్చేవాడు. బిళ్ల పుచ్చుకున్నామంటే ఆ విషయం అక్కడితో ముగిసినట్టు. ఇక ఎత్తితే మనదే తప్పు.

గుట్టల్లో దారి చూసుకునే పటాన్ని అరచేతిలో పట్టేంతగా మడిచి, అప్పటికి అవసరమైన ముక్క మాత్రమే పైకి కనిపించేలా పట్టుకునేవాడు. పక్కవాడు తొంగిచూస్తే బొటనవేలు దాని మీద పెట్టేసేవాడు. "పటం అందరూ చూస్తే అందరూ కెప్టెన్లే అవుతారయ్యా. చూడటం నా పని, నడవటం మీ పని," అనేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. మాటలో ఆ పక్క యాస పోలేదు, పోగొట్టుకోవాలని ఆయనా అనుకోలేదు. బండ మీద కూర్చుని ఉడకబెట్టిన గుడ్డును చాకుతో నాలుగు ముక్కలుగా కోసేవాడు. నాలుగు ముక్కలు చూసి కొత్తగా చేరినవాళ్లు చెయ్యి చాపేవారు. నాలుగూ ఆయనే తినేవాడు.

మా క్లబ్బులో పాతికమంది ఉండేవాళ్లం. సగం మంది ప్రార్థన గదికి వచ్చే క్రైస్తవుల ఇళ్ల కుర్రాళ్లు, సగం మంది మాలాగా నేత ఊళ్ల నుంచి పట్నం చేరి కుట్టుపనో వ్యాపారమో చేసుకునేవాళ్ల కొడుకులు. ఇక్కడి సర్కారు దఫ్తర్లకు ఆ రోజే సెలవు కనుక ప్రతి శుక్రవారం పంజాగుట్ట రాళ్లలోకి వెళ్లేవాళ్లం. దాన్ని పటం నడక అనేవాళ్లం. గుట్టల్లో అక్కడక్కడా రాళ్లు పేర్చి సున్నం కొట్టి ఉంచుతారు. ఆ కుప్పను నిశాని అంటారు. ప్రతి నిశాని దగ్గరా ఒక రేకు డబ్బా, అందులో ఒక రంగు పెన్సిల్. పటం, దిక్సూచి చూసుకుంటూ ఒక్కో నిశాని వెతికి, మన చీటీ మీద ఆ రంగుతో గీత గీసుకుని రావాలి. అన్ని గీతలతో ముందుగా తిరిగొచ్చినవాళ్లది గెలుపు. ముగ్గురేసి ఒక జట్టు. కెప్టెన్ చేతిలో పటం, దిక్సూచి ఉంటాయి. ఒకడు ముందు వెళ్లి బండల మధ్య దారి చూస్తాడు, అది డానియేలు పని. ఇంకొకడు అంగలు లెక్కపెడతాడు. అది నా పని.

అంగలు లెక్కపెట్టడం తేలికని చాలామంది అనుకుంటారు. బండ ఎక్కేటప్పుడు అంగ చిన్నదవుతుంది, దిగేటప్పుడు పెద్దదవుతుంది, చుట్టు తిరిగి వెళితే ఆ చుట్టు తీసెయ్యాలి. పక్కవాడు మాట్లాడితే లెక్క పోతుంది. నాకు పోదు. మా నానమ్మ పడుగు వేసేటప్పుడు నూలు పట్టుకుని గుంజల మధ్య పొద్దంతా ఇటూ అటూ నడిచేది. ఇంట్లో గొడవలు తీరుస్తూ, కూర ఎలా వండాలో కోడళ్లకు చెబుతూనే పోగుల లెక్క తప్పేది కాదు. నూరయితే ఒక రంగు దారం ముడి వేసేది. నేనూ అంతే. ఎడమ చేతిలో ఒక దారం, నూరు అంగలకొక ముడి.

కెప్టెన్‌కు అది నచ్చింది. ఆయన ప్రభుత్వ నక్షాలు గీసే ఒక దఫ్తరులో పనిచేసేవాడు. అక్కడ భూమి కొలిచే గొలుసు పట్టడానికి ఒక మనిషి కావాలనీ, ఆ పనిలో చేరితే నాలుగేళ్లలో సర్వేయరు కావచ్చుననీ, ఈసారి పోటీలో గెలిస్తే తన సాబు దగ్గరికి స్వయంగా తీసుకుపోతాననీ మా నాన్న ముందే చెప్పాడు. మా నాన్న ఆ రోజు నుంచి నన్ను మిషను మీద కూర్చోనివ్వలేదు. పోయేవాడివి, ఈ పని చేతికి పట్టించుకోకు అన్నాడు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మిషను ముందు వంగి కూర్చోకుండా బతకొచ్చన్న ఆలోచనే నాకు అప్పుడు మొదటిసారి వచ్చింది.

పోటీకని కెప్టెన్ మా దుకాణంలోనే ఖాకీ కోటు కుట్టించుకున్నాడు. ఎడమ రొమ్ము మీది జేబు దిక్సూచికి. ఆ జేబు జారకుండా నిలవాలని, అంచులో ఒక ఇనుప బద్ద పెట్టి కుట్టమన్నాడు. గట్టి కాన్వాసు వేస్తే చాలని మా నాన్న చెప్పి చూశాడు. "కుట్టడం నీ పని, చెప్పడం నా పని," అన్నాడు కెప్టెన్. మా నాన్న పాత గడియారపు స్ప్రింగు ముక్కను చదును చేసి పెట్టాడు. కుట్టుపనివాళ్ల దుకాణంలో చిన్న ఇనుప వస్తువేదైనా ఎక్కడుంటుంది? కింద పడిన సూదులు ఏరే అయస్కాంతానికే అతుక్కుని ఉంటుంది. ఆ ముక్క కూడా ఎన్నో నెలలుగా అక్కడే ఉంది. అది కూడా అయస్కాంతమై ఉంటుందన్న సంగతి అప్పుడు మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

పోటీ రాయగిరి దగ్గరి గుట్టల్లో. గురువారం సాయంత్రం సికింద్రాబాదులో రైలెక్కి వెళ్లి ఒక బడి వరండాలో పడుకున్నాం. మాతోపాటు మరో రెండు క్లబ్బుల జట్లు వచ్చాయి. శుక్రవారం పొద్దున బయలుదేరాం. మొత్తం ఎనిమిది నిశానీలు. మొదటి నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. వాటిని ఇట్టే పట్టుకున్నాం. నాలుగో దాని డబ్బాలో పెన్సిల్ మొన చెక్కుచెదరకుండా ఉంది. అంటే మాకంటే ముందు ఎవరూ రాలేదు. డానియేలు తలపాగా చుట్టి గెలుపు కప్పు ఎత్తుకున్నట్టు చేతులు ఎత్తి గంతులేశాడు.

ఐదోది దూరం. మధ్యలో ఏనుగులంత బండలు, ముళ్లపొదలు. పటం మీద కొలిచి ఆరువందల అంగలని కెప్టెన్ చెప్పాడు. అంతవరకూ ఆయన దిక్సూచిని అరచేతిలో పెట్టుకుని, చెయ్యి చాపి, ఎదురుగా ఒక బండను గురి చూసుకుని, దాన్ని చేరాక మళ్లీ చూసేవాడు. మాకు నేర్పిందీ అదే. ఇప్పుడు తొందర పట్టుకుంది. చలిగాలికి కోటు గుండీలన్నీ పెట్టుకుని, దిక్సూచిని మెడలోని తాడుకే రొమ్ము మీద వేలాడనిచ్చి, గడ్డం కిందికి దించి చూసుకుంటూ నడిచాడు. నేను లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఆరో ముడి వేసి ఆగాను. అక్కడ ఒక పగిలిన బండా, ఒక తుమ్మచెట్టూ తప్ప ఏమీ లేదు.

"ఆరువందలయినయి సార్," అన్నాను.

"కాలేదు. నాలుగొందలు దాటి ఉండవు."

"ఆరు ముళ్లున్నయి, జర చూడుండ్రి."

"దారానికి ముళ్లేస్తే దూరం పెరుగుతుందా? నడవండి."

వెనక్కి తిరగనే లేదు. నేను చాపిన దారం చూడనే లేదు. నడిచాం. వెయ్యి దాటింది. చివరికి నిలువుగా దిగిపోయిన ఒక రాతి అంచు మీదికి చేరాం. కింద చెరువు నీళ్లు. మళ్లీ నాలుగో నిశాని దాకా వెనక్కి వచ్చి, ఈసారి దిక్సూచిని అరచేతిలో పెట్టుకుని మొదలుపెట్టి, ఐదోది దొరికేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చింది. డానియేలు దారి పొడుగునా, "ఏం భాయ్, ఛే సౌ అయినయా, ఇంక కావాల్నా?" అంటూ ఆ ఆరువందల్ని ఉర్దూలో వెక్కిరిస్తూనే ఉన్నాడు. అన్ని జట్లకంటే చివర వచ్చాం.

గుట్టల్లో నిశానీలు పెట్టించిన ముసలాయన దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్లి, నాలుగుకూ ఐదుకూ మధ్య ఎంత దూరమని అడిగాను. ఆరువందల అంగలే అన్నాడు. కొలిచి పెట్టించాను, సందేహం లేదన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కెప్టెన్ కోటు విప్పి కొక్కేనికి తగిలించి, దిక్సూచిని బల్ల మీద పెట్టి కునుకు తీశాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. రైలు ఊగినప్పుడల్లా కోటు దిక్సూచి మీదికి ఊగుతోంది. కోటు ఇటు వస్తే ముల్లు ఇటు, అటు పోతే అటు. చాలాసేపు చూశాను. తర్వాత లేచి కోటు జేబు పట్టుకుని నేనే దిక్సూచి మీద ఊపాను. ముల్లు జేబు వెంట కుక్కపిల్లలా తిరిగింది. తల ఎత్తితే కెప్టెన్ కళ్లు తెరిచి ఉన్నాయి. నేను ఆపలేదు. ఆయన చూస్తుండగానే ఇంకో రెండుసార్లు ఊపాను. ఆయన దిక్సూచి తీసుకుని, మూత వేసి, లాగు జేబులో పెట్టుకున్నాడు. కిటికీ వైపు తిరిగాడు. పక్కన డానియేలు గురక పెడుతున్నాడు.

మర్నాడు దుకాణానికి వచ్చాడు. జేబులోని బద్ద తీసెయ్యమని మా నాన్నకు చెప్పాడు. ఎందుకని మా నాన్న అడిగితే, గుచ్చుకుంటోందన్నాడు. పోతూ పోతూ నా చేతిలో ఒక పిప్పరమెంటు బిళ్ల పెట్టాడు. దాన్ని మిషను బల్ల మీదే వదిలేశాను. సాయంత్రానికి చీమలు పట్టాయి.

తర్వాతి శుక్రవారం క్లబ్బులో పోటీ రిపోర్టు చదివాడు. అట్టలు గట్టివి వేయించిన పెద్ద పుస్తకం అది. ఆయనే రాసేవాడు, ఆయనే చదివేవాడు, చదివాక తన పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. వాన లేకపోవడం, బడి వరండా శుభ్రంగా ఉండటం అన్నీ చదివి, ఐదో నిశాని దగ్గర అంగల లెక్క తప్పడం వల్ల వెనకబడ్డామనీ, మిగిలినదంతా సవ్యంగా జరిగిందనీ ముగించాడు. నేను లేచాను.

"కోటు సంగతి సుత చదువుండ్రి సార్."

"రిపోర్టు మీద చర్చ ఉండదు. కూర్చోవయ్యా," అని వాలీబాల్ వల చిరిగిన సంగతికి వెళ్లిపోయాడు. వెనక నుంచి ఎవరో ఛే సౌ అన్నారు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి అమీర్‌పేటలో అదే నా పేరయింది. బల్కంపేట బోనాల్లో గుంపులో తప్పిపోయినా ఆ పేరుతోనే పిలిచేవారు. నా పెళ్లి పందిట్లో కూడా ఆ పేరుతోనే పిలిచారు.

పది పన్నెండు రోజులకు గొలుసు పని డానియేలుకు ఇచ్చారనీ, అతను అందులో చేరిపోయాడనీ తెలిసింది. డానియేలు లెక్కపెట్టడం నేనెన్నడూ చూడలేదు. నేను కెప్టెన్ గదికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడ్డాను, లోపలికి రమ్మనలేదు. స్టూలు మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు. నాకు ఇస్తానన్న పని వేరేవాళ్లకెట్ల పోయిందని అడిగాను.

"సాబుగారు లెక్క గట్టిగా ఉన్నవాడు కావాలన్నారయ్యా," అన్నాడు బ్రష్షు ఆపకుండా. "నన్ను అడిగారు. నేనేం చెప్పను? రిపోర్టులో అలా ఉంది కదా."

రిపోర్టు వర్షంలా ఆకాశం నుంచి పడినట్టు చెప్పాడు. బూటు పైకెత్తి మెరుపు చూసుకుని రెండోది అందుకున్నాడు. నేను దుకాణానికి వచ్చి మిషను ముందు కూర్చున్నాను. ఈ రోజుకీ అక్కడే కూర్చుంటున్నాను.

క్లబ్బు మానేస్తాననుకున్నారు. మానలేదు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, బట్టకు కరువొచ్చింది, క్లబ్బులో సగంమంది చెల్లాచెదురయ్యారు. నేను మాత్రం ప్రతి శుక్రవారం వెళ్లి మొదటి వరుసలో కూర్చునేవాణ్ణి. చివర, ఎవరైనా ఏమైనా చెప్పేదుందా అని కెప్టెన్ అడగడం ఆనవాయితీ. నేను లేచి, "ఐదో నిశాని," అని కూర్చునేవాణ్ణి. మొదట్లో నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. తర్వాత నేను లేవగానే టోపీలు పెట్టుకుని బయలుదేరడం అలవాటు చేసుకున్నారు. ఆయన మాత్రం ప్రతిసారీ ఆ రెండు మాటలూ విని, తల ఒకసారి ఊపి, అప్పుడే పుస్తకం మూసేవాడు.

కిందటేడు మళ్లీ మా దుకాణానికి వచ్చాడు. మా నాన్న అప్పటికే పోయాడు. కెప్టెన్ వచ్చింది ఒళ్లు తగ్గి కోటు వదులైందని, కుదించి కుట్టించుకోవడానికి. నేను టేపు వేశాను. ఎముకలు తగిలాయి. కొలత పైకి చెప్పి రాసుకుంటుంటే, ఎదురుగా అద్దంలో నన్నే చూస్తున్నాడు.

"నీ లెక్క మీద నాకెప్పుడూ అనుమానం లేదయ్యా," అన్నాడు.

దుకాణంలో మేమిద్దరమే ఉన్నాం. రోడ్డు మీద కూడా ఎవరూ లేరు. ఆ సమయం చూసుకునే వచ్చి ఉంటాడు.

"గా మాట శుక్రవారం నాడు అందరి ముంగట చెప్పుండ్రి," అన్నాను.

"పాత సంగతి. ఇప్పుడెందుకది?"

"నాకు పాతది కాలె సార్. రోజూ అదే పేరుతోని పిలుస్తుండ్రు."

ఆయన చెయ్యి జేబులోకి పోయింది. నేను టేపు చుట్టుకుని లోపలికి వెళ్లిపోయాను. కోటు మాత్రం ఎక్కడా వంక పెట్టలేనంత బాగా కుట్టి ఇచ్చాను. నా పనికి ఆయన ఇంకొక మాట అనడానికి చోటివ్వదలచుకోలేదు. ఆ కోటులోనే పూడ్చారు.

ఇక డానియేలు వచ్చిన రోజు సంగతి. అతనిప్పుడు సర్వేయరు, క్లబ్బు సెక్రటరీ కూడా. కెప్టెన్ పెట్టె తాళంచెవి అతని దగ్గరికి వచ్చింది. మాట్లాడతాను గానీ ముందు ఆ రిపోర్టు పేజీ చూపించమన్నాను. ఇప్పుడెందుకని గొణుగుతూనే నన్ను కెప్టెన్ గదికి తీసుకువెళ్లి పెట్టె తెరిచాడు. పుస్తకం నేనే తిప్పాను. పేజీ దొరికింది. రిపోర్టు కింద, వేరే సిరాతో, అదే గుండ్రని చేతిరాతలో ఇంకా నాలుగు వాక్యాలున్నాయి: "పై రిపోర్టులో అంగల లెక్క గురించి రాసింది సరికాదు. లెక్క సరిగ్గానే ఉంది. నా కోటు జేబులో ఇనుప బద్ద ఉండటం వల్ల దిక్కు తప్పింది. బాధ్యత నాది." కింద సంతకం, తేదీ.

డానియేలు రెండుసార్లు చదివి పెట్టె మీద కూర్చుండిపోయాడు. "నాకు ఎరికలే భాయ్," అన్నాడు. పుస్తకం మూసి, "మొత్తానికి రాసిండు గద. ఇగ మనసుల ఉంచుకోకు," అన్నాడు.

"నువ్వు పనిల ఏ రోజు చేరినవ్?" అని అడిగాను.

ఎవరూ తమ మొదటి ఉద్యోగం తేదీ మరచిపోరు. చెప్పాడు. చెప్పాక అతనే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. కెప్టెన్ ఈ నాలుగు వాక్యాలు రాసింది డానియేలు పనిలో చేరడానికి ఆరు రోజుల ముందు. నేను గుమ్మంలో నిలబడి అడిగిన రోజున, రిపోర్టులో అలా ఉంది కదా అని బూటు మెరుపు చూసుకున్న రోజున, ఆ పుస్తకం ఆయన వెనకే ఈ పెట్టెలో ఉంది. ఈ వాక్యాలు అందులో ఉన్నాయి. తన మనసు తేలిక చేసుకోవడానికి రాసుకున్నాడు. నా బతుకు కోసం చదవలేదు. రాయకపోయి ఉంటే మొండివాడు, తన తప్పు తనకు తెలియదు అనుకుని ఊరుకునేవాణ్ణేమో. తెలిసి, రాసి, తాళం వేసి, అన్ని శుక్రవారాలు తల ఊపాడు.

"రాసిండు," అన్నాను డానియేలుతో. "రాసి పెట్టెల పెట్టిండు. సభల నేను మాట్లాడ. నువ్వు గిది చదువు."

చనిపోయినవాడి సభలో అది ఎలా చదవమంటావన్నాడు. గుంటూరు నుంచి ఆయన అక్క వచ్చి ఉందన్నాడు. నువ్వు చదవకపోతే నేను చదువుతాను, నేను చదివితే ఉద్యోగం తేదీ కూడా చదువుతానన్నాను. ఒప్పుకున్నాడు.

సభకు ప్రార్థన గది నిండింది. నాకు ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లలో బతికి ఉన్నవాళ్లందరూ వచ్చారు. తొమ్మిదిమంది మాట్లాడారు. పాస్టరుగారు ఆయన మాకందరికీ దిక్కు చూపినవాడన్నారు. ఆయన అక్క మొదటి బెంచీ మీద తెల్లచీర కొంగు కప్పుకుని కూర్చుంది. నా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, నాకు బదులు సెక్రటరీ క్లబ్బు పుస్తకం చదువుతాడని చెప్పాను.

డానియేలు లేచి, పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని, రిపోర్టులోని ఆ వాక్యమూ కింది నాలుగూ గబగబా చదివేశాడు. సగం గొంతులోనే ఉండిపోయాయి. కూర్చోబోయాడు.

"వెనక బెంచీలకు వినవడలే," అన్నాను.

ఎవరో దగ్గారు. పాస్టరుగారు నా వైపు చూసి చెయ్యి కొంచెం ఎత్తారు. నేను కూర్చోలేదు. డానియేలు మళ్లీ చదివాడు. ఈసారి కోటు జేబు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఆ అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. వయసు మళ్లిన మనిషి, కళ్లు తడిగా ఉన్నాయి. నేను కూడా ఆమెనే చూశాను. తల దించుకోవాల్సిన పని నేనేదీ చేయలేదు.

"చివరిదాక కాలె," అన్నాను.

డానియేలు గొంతు సవరించుకున్నాడు. పుస్తకం కిందికి దించి పట్టుకుని, వెనక గోడ దాకా వినిపించేలా, ఎక్కడా ఆగకుండా, సంతకమూ తేదీతో సహా చదివాడు.

అప్పుడు కూర్చున్నాను.